ఎండకు తగిన బడి

ప్రతి సంవత్సరమును మార్చి నడుమకు వచ్చునప్పటికి తెలంగాణమున బడి వేళలు మారిపోవును. ఉదయము 8 గంటలకు గంట కొట్టుదురు. మధ్యాహ్నము 12:30కు పిల్లలు అన్నము తిని ఇంటిదారి పట్టుదురు. ఒంటిపూట బడులని మనము పిలుచుకొను ఈ యేర్పాటు పిల్లల ప్రాణములను కాపాడుచున్నది గనుక దానిని తప్పుపట్టవలసిన పని లేదు. కాని యేటేట వెలువడు ఆ ఉత్తర్వులో ఒక ఒప్పుకోలు దాగియున్నది: మనము కట్టిన తరగతి గది ఎండకాలపు మధ్యాహ్నమున పిల్లలు కూర్చుండుటకు తగదు. దినమునకు రెండు గంటలకు తక్కువ కాకుండ చదువు తరిగిపోవుటయే గాక, మిట్టమధ్యాహ్నపు ఎండ తలపై నిలిచిన వేళకే పసివాండ్రు పుస్తకాల సంచి భుజాన వేసికొని దారిన పడవలసి వచ్చుచున్నది. గది చల్లగా ఉన్నచో ఆ రెండు గంటలును గోడల నడుమనే గడిచియుండును.

జగిత్యాల జిల్లాలోని మేడిపల్లి మండలము ఇట్టి ఎండకు పెట్టినది పేరు. 2016 అక్టోబరు 11న పాత కరీంనగరు జిల్లా విడివడినప్పుడు ఈ మండలము జగిత్యాలలో చేరినది. శాసనసభకు ప్రతినిధిని పంపుటలో మాత్రము వేములవాడతోడనే కలిసియున్నది. ఒక వైపు కోరుట్ల, మరియొక వైపు సిరిసిల్ల సీమ. ఉత్తరమున గోదావరి పారుచున్నను ఏప్రిల్, మే మాసములలో ఇచటి గాలిలో తేమ యుండదు. ఎండ 45 డిగ్రీలు దాటుట వింత కాదు. పడమటినుండి వడగాలి విసరుచుండును. మగవారిలో ననేకులు గల్ఫు దేశములకు పోయిరి; ఆడువారు ఇండ్ల ముంగిళ్లలో బీడీలు చుట్టుచు సంసారము నీడ్చుచున్నారు; సిరిసిల్ల వైపు రేకుల షెడ్డులలో మరమగ్గపు సాంచలు నడచుచున్నవి. ఇట్టి కుటుంబముల బిడ్డలు చదువుకొనునది సర్కారు బడిలో. ఆ బడి తక్కువ ఖర్చుతో లేవవలెను, త్వరగా లేవవలెను, కావలసినప్పుడు ఒక గది పెరుగవలెను, అన్నిటికంటె ముందు ఎండకు తట్టుకొనవలెను. ఈ నాలుగు కోరికలును ఒకదానితో నొకటి పొసగవని పలువురి నమ్మకము. పొసగునని నా దృఢమైన అభిప్రాయము. అయితే ఆలోచన గోడలనుండి గాక పైకప్పునుండి మొదలు కావలెను.

ఎండ గదిలోనికి వచ్చు దారులను వరుసగా చూచినచో ఈ మాట విశదమగును. ఏప్రిల్ మాసమున ఒక చదరపు మీటరు నేలమీద దినమంతయు పడు సూర్యశక్తి సుమారు 6 యూనిట్ల విద్యుత్తునకు సమానము. ఇరవై అడుగుల చదరపు గది కప్పుపై ఆ లెక్కన ఒక్క దినములో పడునది 200 యూనిట్లకు పైమాట. సామాన్య కుటుంబము నెల పొడుగున వాడుకొను కరెంటుకు అది తక్కువ కాదు. పాచిపట్టి నల్లబడిన సిమెంటు స్లాబు దానిలో సగమునకు మించి తనలోనికి పీల్చుకొనును. నాలుగైదంగుళముల స్లాబు ఆ వేడిని మూడు నాలుగు గంటలలో క్రిందికి దించును. అనగా పది గంటలవేళ పైన పడిన ఎండ ఒంటిగంటకెల్ల పిల్లల తలలమీద దిగుచున్నదన్నమాట. రేకుల కప్పునకు ఆ మాత్రపు జాప్యమైనను లేదు. అది క్షణములలో కాగును, క్షణములలో క్రిందికి కక్కును. వానకాలమునందు చినుకుల చప్పుడుతో ఉపాధ్యాయుని గొంతును మ్రింగివేయును. ఆస్బెస్టాసు రేకైనచో పగిలినప్పుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు హానికరము.

కప్పు తరువాత గోడలు. మేడిపల్లి భూమధ్యరేఖకు ఉత్తరముగా పందొమ్మిదవ అక్షాంశమునకు చేరువలో నున్నది. కావున మే నడుమను, మరల జూలై చివరను సూర్యుడు మిట్టమధ్యాహ్నమున సరిగా నడినెత్తికి వచ్చును. ఆ రెంటి నడుమ కొంచెము ఉత్తరమునకే జరుగును. దక్షిణపు గోడకు ఎండకాలములో ఎండ బాధ లేనట్లే. చలికాలములో సూర్యుడు దక్షిణమునకు వాలినను డిసెంబరు మధ్యాహ్నమునందు కూడ 48 డిగ్రీల యెత్తుననే నిలుచును గనుక, ఆరడుగుల వరండా యొకటి యున్నచో చూరునుండి ఆరున్నర అడుగుల మేర గోడకు నీడ దొరకును. తూర్పు పడమరల గోడల సంగతి వేరు. ఉదయమున, సాయంకాలమున ఎండ ఏటవాలుగా వచ్చి తాకును. ఎంతటి సజ్జా వేసినను దానిని ఆపజాలదు. ఒంటిపూట బడిలో ఎనిమిది గంటల ఎండ తూర్పు కిటికీగుండ నేరుగా బల్లలపై పడును. కాబట్టి బడి పొడవు తూర్పు పడమరలుగా సాగవలెను. ఆ రెండు కొసలయందును కిటికీలు లేని సామాను గది, ప్రధానోపాధ్యాయుని గది, వంటగది వంటివి నిలిచి నడుమనున్న తరగతులకు అడ్డుకాయవలెను. దీనికి ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేదు. నక్షాను నేలపై పరచునప్పుడు సరియైన దిక్కునకు త్రిప్పి ముగ్గుపోసిన చాలును. అయినను ఊరి బడులను చూడుడు: రోడ్డు ఎటున్నదో అటు ముఖము పెట్టి నిలిచినవే యెక్కువ.

ఇక గదిలోపలి సంగతి. చదువుచు, వ్రాయుచు కూర్చున్న బాలుని శరీరమునుండి వెలువడు వేడి సుమారు 70 వాట్లు. 40 మంది కూర్చున్న గదిలో అది మూడు కిలోవాట్లకు చేరువగును. ఈ వేడి పైకి లేచును. లేచినదానికి పోవుటకు దారి కావలెను. స్లాబు క్రింద అంగుళము సందులేక మూసివేసిన గదిలో అది కప్పు నంటి నిలిచి, ఫంకా త్రిప్పినప్పుడెల్ల మరల తలలపైకి దిగుచుండును. బయటి గాలి శరీరపు వేడిమిని మించిన వేళ ఫంకా చేయగలిగిన మేలు స్వల్పము.

మన పెద్దలకు ఈ లెక్కలు తెలియకపోయినను ఫలితము తెలియును. ఈ ప్రాంతపు పాత ఇండ్లలో మూరెడు మందమున మట్టిగోడ, దూలములపై చెక్కలు పరచి మట్టిమెత్తిన అటక, దానిపైన గాలి ఆడుటకు చోటు, ఆపైన గూన పెంకులు ఉండెడివి. ఎండ పెంకును కాల్చినను పెంకుల సందులగుండ వేడిగాలి తప్పుకొనును. అటక మిగిలిన దానిని ఆపును. గోడ పగటివేడిని తనలో దాచుకొని రాత్రికిగాని విడువదు. పైగా ఇల్లు అంకణముల లెక్కన లేచెడిది. ఇద్దరు కొడుకులకు పెండ్లిండ్లయినచో అవే దూలములు, అవే వాసములు, అవే కొలతలతో మరి రెండంకణములు సాగెడివి. ఒకే కొలతగల భాగములను కావలసినన్ని చేర్చుకొనుచు పోవు ఈ పద్ధతి మన వడ్రంగులకు తరతరములుగా చేతిలోని విద్య.

ఆ పెంకుటిండ్లు ఏల పోయినవి? మోజొక కారణము, కోతులు మరియొక కారణము. అడవులు తరిగి కోతులు ఊళ్లమీద పడినప్పటినుండి గూన పెంకు నిలుచుట లేదు. ఏటేట పెంకులు తిరగవేయించుకొనుటకు పనివాండ్రును లేరు, కలపయు లేదు. కనుక పాత యింటిని అచ్చముగా మరల కట్టుకొనుడని చెప్పుట ఉచితము కాదు. దానిలోని రెండు కప్పుల నీతిని మాత్రము విడువరాదు: ఎండను మోయునదొకటి, మనుష్యులను కప్పునది మరియొకటి, నడుమ గాలి.

సరిగా ఈ నీతితోడనే ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశమున, మన మే మాసమువంటి ఎండలలో, ఫ్రాన్సిస్ కెరే యను వాస్తుశిల్పి తన సొంత ఊరైన గాండోలో ఒక ప్రాథమిక పాఠశాల కట్టెను. 2001లో పూర్తియైన ఆ బడికి మట్టి ఇటుకల గోడలు, సందులు విడిచిన మట్టి ఇటుకల లోకప్పు. దానిపై సన్నని ఇనుప చువ్వల చట్రముపై ఎత్తుగా నిలిపిన రేకు. లోని వేడిగాలి సందులగుండ పైకి పోవును. రేకు క్రింద వీచు గాలి దానిని తోలుకొని పోవును. ఊరివారే మట్టి మోసిరి, ఊరివారే ఇటుక పోసిరి. ఆ బడికి 2004లో ఆగాఖాన్ పురస్కారమును, దానిని కట్టిన శిల్పికి 2022లో ప్రిట్జ్‌కర్ పురస్కారమును లభించినవి. అన్నిటికంటె నన్నాకర్షించినది వేరొకటి: మనము నిందించు ఆ రేకునే ఆయన వాడెను. రేకు దోషము రేకులో లేదు. దానిని తలకు ఆనించి వేయుటలో నున్నది.

త్వరగా, చౌకగా, ఒకే కొలతలతో వేల బడులు కట్టవలసి వచ్చిన దేశములలో మెక్సికో కథ నెమరువేసికొనదగినది. అచట పాఠశాలల నిర్మాణమునకై 1944లో ఒక ప్రత్యేక సంస్థ వెలసినది. ఆ సంస్థలో పెద్రో రామిరెస్ వాస్కెస్ అను శిల్పి పల్లెబడికొక నమూనా రూపొందించెను. తరగతి గదియు, దాని నంటియే ఉపాధ్యాయుని నివాసమును గల ఆ నమూనాకు ఇనుప చట్రమును, కప్పును కర్మాగారమునుండి విడిభాగములుగా పంపెడివారు. రోడ్లు సరిగాలేని పల్లెలకు సైతము మోసికొనిపోవుటకు వీలైన భాగములవి. గోడలు మాత్రము ఊరివారి వంతు. రాయి దొరకుచోట రాయి, మట్టి దొరకుచోట మట్టి ఇటుక. 1960లో మిలాను నగరపు త్రైవార్షిక ప్రదర్శనమున దానికి గొప్ప బహుమానము వచ్చినది. వేలాది పల్లెలలో ఆ బడులు లేచినవి. రాజధానిలో నిర్ణయింపదగినదేదో, ఊరికి విడువదగినదేదో ఇంత స్పష్టముగా విడదీసిన ప్రణాళిక మరియొకటి నాకు తోచుట లేదు.

మనదేశములో ప్రయత్నములు జరుగలేదని కాదు. 1947లో నెలకొన్న రూర్కీ కేంద్ర భవన పరిశోధన సంస్థవారు సెంట్రింగు అక్కరలేని కప్పు నొకదానిని ఏర్పరచిరి. నేలమీదనే పోసి ఆరబెట్టిన చిన్న సిమెంటు పలకలను, సన్నని దూలములను కూలీలు చేతులతో పైకెత్తి పరచి, పైన పలుచని కాంక్రీటు పోసినచో కప్పు సిద్ధమగును. కేరళమున లారీ బేకరు ఇటుకను అంచుపై నిలిపి నడుమ ఖాళీ విడిచి కట్టు గోడను ప్రచారము చేసెను; దానివలన ఇటుకలలో నాలుగవ వంతు మిగులుటయే గాక ఆ ఖాళీలోని గాలి వేడికి అడ్డు నిలుచును. స్లాబులో బలమునకు పనికిరాని క్రింది భాగమున కాంక్రీటు బదులు పెంకులు పొదుగు పద్ధతియు ఆయన వ్యాప్తిలోనికి తెచ్చినదే. 1987 నాటి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకము ప్రతి ప్రాథమిక పాఠశాలకును అన్ని ఋతువులలో పనికివచ్చు రెండు పెద్ద గదులును, వరండాయును ఉండవలెనని నిర్ణయించినది. ఆ పిదప జిల్లా ప్రాథమిక విద్యా పథకము 1996లో ఆంధ్రప్రదేశమునకు వచ్చినప్పుడు, బ్రిటను సహాయముతో మొదట చేపట్టిన ఐదు జిల్లాలలో కరీంనగరొకటి. నాడు మేడిపల్లియు, సిరిసిల్లయు, కోరుట్లయు అందులోనివే. కంట్రాక్టరు చేతికి గాక గ్రామ విద్యా కమిటీ చేతికి కట్టుబడి నప్పగించుటయు, బేకరు పద్ధతులవంటి తక్కువ వ్యయపు విధానములను ప్రోత్సహించుటయు ఆ పథకములోని మెచ్చదగిన గుణములు.

మరి ఆ విద్య ఏల వేరూనలేదు? నా ఊహలో ప్రధాన కారణ మొకటి కలదు. ఇంజనీరు అంచనా వ్రాయునప్పుడు ప్రభుత్వపు ధరల పట్టికలోనున్న పనులనే వ్రాయగలడు. పిల్లర్లు, స్లాబు, తొమ్మిదంగుళముల గోడ అందులో కలవు. గాలి ఆడు రెండవ కప్పు, ఖాళీ విడిచిన గోడ వంటివి పట్టికలోనికి ఎక్కనంతకాలము మేస్త్రి నేర్చిన విద్య మేస్త్రితోనే పోవును. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధము సైతము బడి అన్ని ఋతువులలో పనికిరావలెనన్నది. మరుగుదొడ్లు, మంచినీరు, ప్రహరీ, ఆటస్థలము అన్నిటిని పేర్కొన్నది. గది లోపల వేడిమి ఎంత మించరాదో మాత్రము చెప్పలేదు. కొలత లేనిచోట బాధ్యతయు నిలువదు.

2022 మార్చిలో వనపర్తిలో ప్రారంభమైన మన ఊరు - మన బడి కార్యక్రమము 26,065 పాఠశాలలను మూడు విడతలలో బాగుచేయ సంకల్పించినది. నీటి వసతిగల మరుగుదొడ్లు, కరెంటు, బల్లలు, రంగులు, వంటషెడ్డులు, శిథిలమైనవాని స్థానమున క్రొత్త గదులు దాని లక్ష్యములు. మేడిపల్లికి ఆవలనున్న సిరిసిల్ల జిల్లా గంభీరావుపేటలో 2023లో తెరచిన కేజీ టు పీజీ ప్రాంగణము సర్కారు చదువు ఎంత ఠీవిగా నిలువగలదో చూపినది. అది పిల్లలకు దక్కవలసిన గౌరవమే. కాని ముప్పది, నలువది మంది పిల్లలుగల పల్లెబడులకు అంతటి ప్రాంగణములు రావు. వానికి కావలసినది అంకణమువంటి చిన్న నమూనా.

ఆ నమూనా ఎట్లుండవలెనో నాకు తోచినంత విన్నవించెదను. పదడుగులకొకటి చొప్పున నిలిపిన నాలుగు జతల ఇనుప స్తంభములు, వానిపై వాలుగా ట్రస్సు, దానిపై తెల్లని రేకు, ఇది గొడుగు. జిల్లా కేంద్రములో ఒకే కొలతతో వందలు చేయించినచో ధర తగ్గును; లారీలో తెచ్చి వారము పది దినములలో నిలుపవచ్చును; బడి మూతపడిన ఊరినుండి విప్పి మరియొక ఊరికి తీసికొనిపోవచ్చును. గొడుగు ముందు నిలిచినచో దాని నీడలో మేస్త్రులు ఎండకాలమునందును గోడ కట్టగలరు. గోడలకు రామగుండము విద్యుత్ కేంద్రపు బూడిదతో చేసిన ఇటుకలు చేరువలోనే కలవు. ఈ సీమ గ్రానైటుకు పేరుపడినది గనుక పునాదికి రాతిముక్కలకు కొరత లేదు. గోడలపైన గొడుగునకు రెండు మూడడుగులు క్రిందుగా, పెంకులు పొదిగిన పలుచని స్లాబో, పలకల కప్పో లోకప్పుగా నుండవలెను. వరండా దక్షిణమున ఎనిమిదడుగులు. మధ్యాహ్న భోజనమునకు పిల్లలు కూర్చుండుట కదియే చోటు.

ఇచట ఒక సూక్ష్మము గమనింపవలెను. ఇల్లు రాత్రి నిద్రించుటకు. బడి పగలు చదువుటకు. మందపు గోడ పగటివేడిని రాత్రికి విడుచుట ఇంటివారిని బాధించునేమో గాని, రాత్రి బడిలో నెవ్వరును ఉండరు గనుక బడికది వరమే. అయితే రాత్రి చల్లగాలి లోనికి వచ్చి ఆ వేడిని తీసికొని పోవలెను. మన బడులలోనో సాయంకాలము కాగానే దొంగల భయమున కిటికీలన్నియు మూసి తాళము వేయుదురు. ఉదయము తలుపు తీయగానే ముఖమునకు కొట్టు ఆవిరి నిన్నటి మధ్యాహ్నమునాటిది. కాబట్టి లోకప్పు క్రింద, మనిషి చేయి అందని ఎత్తున, ఎదురెదురు గోడలలో మూయుటకు వీలులేని ఇటుక జాలీలు విడువవలెను. వడగాలి వేళ క్రింది కిటికీలు మూసినను పై జాలీలు పనిచేయును. జూన్ పదవ తేదీ దాటి బడులు మరల తెరచిన పిదప, ఉక్కపోతలో అన్నియు తెరువవచ్చును. తూర్పు పడమరల నాలుగు వేపచెట్లు, రెండు కానుగ చెట్లు నాటినచో, ఐదారేండ్లకు అవి గోడల పనిలో పాలుపంచుకొనును.

ఇనుప గదులే కట్టినచో చాలదా యని కొందరడుగుదురు. ములుగు జిల్లా కన్నాయిగూడెం మండలములోని బంగారుపల్లి యను ఆవాసమున, అటవీ నిబంధనలవలన శాశ్వత భవనము సాధ్యముకాని చోట, గుడిసెలో నడచుచుండిన బడికి 2024లో కంటెయినరు గదిని సమకూర్చిరి. ఆ అడవిబిడ్డలకు వానలో తడియని చోటు దొరకినందుకు ఎవరైనను సంతోషింపవలసినదే. కాని అదే ఉపాయమును జగిత్యాల ఎండలోనికి తెచ్చునెడల దానిపై తప్పక రెండవ నీడ నిలుపవలెను. ఈ మాట కోరుట్లవారికి, మేడిపల్లివారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఎడారి దేశములలో లేబరు క్యాంపుల కేబినులలో ఏండ్లు గడపినవారు ఈ ఊళ్లలో వాడవాడలా కలరు, ఏ.సీ. ఆగిన గంటకు ఆ పెట్టెలో నేమగునో, నడుమ నురుగు నింపిన ప్యానెలుకును వట్టి రేకునకును తేడా ఎంతో చేతితో తాకి ఎరిగినవారు వారు. ఇట్టి నిర్మాణములను బిగించి, విప్పి, రవాణా చేసిన నేర్పరులును వారిలో కలరు. ఊరి బడి కమిటీలో వారి నొక్కరినైనను కూర్చుండబెట్టుకొని నక్షా ముందు పరచినచో, ఇంజనీరునకు ఎంతో తోడు దొరకును.

క్రొత్త బడి వచ్చువరకు ఉన్న బడులు కాలుచు నుండనక్కరలేదు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. రాష్ట్రము మొత్తముమీద 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును ఎండను త్రిప్పికొట్టునట్లు చేయుట దాని లక్ష్యము. అందులో 200 హైదరాబాదు వంతు. తక్కిన 100లో ముందుగా లెక్కకు రావలసినవి పల్లెబడుల స్లాబులని నా మనవి. సున్నము తెలుపు ఎండలో పెద్ద భాగమును వెనుకకు పంపును. ఏటేట మార్చిలో ఒంటిపూట బడులకు ముందు వారములో ఒకసారి పూయుటకు పెద్ద ధనము పట్టదు. స్లాబుపై వరుసగా కుండలు బోర్లించి పైన గచ్చు వేయుట, విరిగిన తెల్లటైల్సు ముక్కలు పొదుగుట మన మేస్త్రులకు తెలిసిన పనులే.

మేడిపల్లి మండలములో ఒకే యేట కట్టిన రెండు స్లాబు గదులను ఎంచుకొని, ఒకదాని కప్పునకు మాత్రము ఈ ఫాల్గుణములోనే సున్నము కొట్టించి, రెంటిలోను ఒక్కొక్క ఉష్ణమాపకమును వ్రేలాడదీయవచ్చును. ఎనిమిదింటికి, పదింటికి, పన్నెండింటికి అంకెలు వ్రాయు పని ఏడవ తరగతి పిల్లలకు అప్పగింపవచ్చును. వారి విజ్ఞానశాస్త్రమునకు అంతకంటె మంచి పాఠము దొరకదు. బడి మూయు ఏప్రిల్ చివరకు ఆ నోటుపుస్తకము నిండును. దానిని జగిత్యాలలో అంచనాలు వ్రాయు అధికారి బల్లపై నుంచి, ధరల పట్టికలో రెండవ కప్పునకు ఒక వరుస చేర్పుడని అడుగుటకు ఊరివారికి హక్కు కలదు.